బ్రిటన్‌లో సైకియాట్రిస్టు ఎక్కడ ఉంటారు?

తమ్ముడూ, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కాన్పై ఆరు వారాలైంది, పాప పడుకున్నా మీ భార్యకు నిద్ర పట్టడం లేదు, ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటోంది. మీ జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, పెరినేటల్ టీమ్‌కి (కాన్పు ముందూ వెనకా తల్లులకొచ్చే మానసిక సమస్యలు చూసేవాళ్లకి) రాస్తానంటే, బలవంతంగా ఆసుపత్రిలో చేర్చేస్తారని, వీసా పోతుందని, పాపను లాక్కుంటారని భయపడి వద్దని వచ్చేశారు. రేపు పొద్దున ఎనిమిదింటికే జీపీకి ఫోన్ చేసి, రాయమని చెప్పండి. మిగతా సంగతులు తర్వాత.

మీ భయం నాకు తెలుసు. హైదరాబాద్‌లో నేను మెడిసిన్ చదివేటప్పుడు ఎవరైనా తేడాగా మాట్లాడితే "ఎర్రగడ్డకి పంపాలి" అనేవాళ్లు. మనకి సైకియాట్రిస్టు అంటే ప్రహరీగోడ, పెద్ద గేటు, లోపల మంచాలు. ఇక్కడ ఇరవై ఏళ్లుగా సైకియాట్రిస్టుగా పనిచేస్తున్నాను. నా పేషెంట్లలో ఎక్కువమంది వార్డు మొహమే చూడలేదు.

మన ఊళ్లో అయితే ఫీజు కట్టి సాయంత్రానికి నేరుగా స్పెషలిస్టును చూడొచ్చు. ఇక్కడ ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే ప్రభుత్వ వైద్య సేవలో, మామూలుగా జీపీ రాయాలి. అప్పుడు కమ్యూనిటీ టీమ్ పిలుస్తుంది. మామూలు వీధిలో మామూలు ఆఫీసులా ఉండే చోట నర్సు, సోషల్ వర్కరు, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు కలిసి పనిచేస్తారు. పరిస్థితి ముదిరితే క్రైసిస్ టీమ్ ఇంటికే వస్తుంది, ఒక్కోసారి రోజూ. పెద్ద ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడా మా వాళ్లు ఉంటారు. మాటలతో చికిత్స చేసే టాకింగ్ థెరపీస్‌కి మాత్రం ఇంగ్లండ్‌లో జీపీ లేకుండా మీరే అప్లై చేసుకోవచ్చు, కాకపోతే అక్కడ ఉండేది థెరపిస్టులు, మందులు రాయరు.

బలవంతంగా చేర్చేస్తారేమో అన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1983 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్ కింద సెక్షన్ 2 పెట్టాలంటే, అంటే అలా చేర్చాలంటే, మామూలుగా ఇద్దరు డాక్టర్లు సిఫారసు చెయ్యాలి, ఆ పైన శిక్షణ పొందిన మరో నిపుణుడు కూడా సరేననాలి. అదైనా 28 రోజులు దాటకూడదు. నిద్ర పట్టడం లేదని చెప్పిన తల్లికి ఎవరూ సెక్షన్ పెట్టరు. వీసా విషయానికొస్తే, డిప్రెషన్‌కి మందు వాడినందుకు వీసా పోయినవాళ్లని నా సర్వీసులో ఒక్కరినీ చూడలేదు. వీసాతోపాటు హెల్త్ సర్‌ఛార్జి కట్టే వచ్చారుగా, వైద్యం మీ హక్కు. ఇంగ్లండ్‌లో కాన్పయ్యాక ఏడాదిపాటు మందులు కూడా ఉచితం, మెటర్నిటీ సర్టిఫికెట్ తీసుకోండి.

పాపను లాక్కుంటారన్న మాట ఎవరు చెప్పారో గానీ, అది నన్ను బాధపెట్టింది. తల్లినీ బిడ్డనీ విడదీయకూడదనే ఇక్కడ మదర్ అండ్ బేబీ యూనిట్లు పెట్టారు. అక్కడ చేర్చాల్సి వచ్చినా ఏడాదిలోపు బిడ్డ తల్లితోపాటే ఉంటుంది. ఆవిడ కంటినిండా పడుకోవడానికి నర్సులు రాత్రి పాలు పడతారు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆవిడ మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పాపను ఎవరో మార్చేశారని అన్నా, చచ్చిపోవాలనుందన్నా, తనకో పాపకో ఏమైనా చేసుకుంటుందని అనిపించినా వెంటనే 999కి ఫోన్ చేయండి, లేదా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. అంత కాకపోయినా టెన్షన్‌గా ఉంటే, ఇంగ్లండ్‌లో 111కి చేసి 2 నొక్కండి, అర్ధరాత్రయినా పలుకుతారు.

కొన్నాళ్ల కిందట మన తెలుగువాళ్లింటికే వెళ్లాను. అంతకుముందు వచ్చిన నర్సు ఫైల్లో "బాగానే ఉందని భర్త చెప్పారు" అని రాసింది. వంటింట్లో పాలసీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆ అమ్మాయి కడిగిన సీసానే మళ్లీ తీసి కడుగుతోంది, వేళ్లు నాని తెల్లబడ్డాయి. "రాత్రి ఎంతసేపు పడుకున్నావమ్మా?" అని తెలుగులో అడిగాను. సీసా సింకులో వదిలేసి నలభై నిమిషాలు మాట్లాడింది. అందులో సగం భర్తకి తెలియదు.

మీ ఇంటికి వచ్చేవాళ్లకి తెలుగు రాకపోవచ్చు. అపాయింట్‌మెంట్‌కి ముందే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, డబ్బులు తీసుకోరు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపు మీరు పాపను ఎత్తుకుని పక్క గదిలో ఉండండి.