బాబు ట్రూప్‌కి వెళ్తున్నాడు, నేనూ వెనకే వెళ్ళాలా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబు కిండర్‌గార్టెన్‌లో ఉండగా కబ్ స్కౌట్స్‌లో, అంటే ఐదో తరగతి దాకా ఉండే చిన్నపిల్లల స్కౌటింగ్‌లో, చేర్పించాం. వాళ్ళ డెన్‌కి, అంటే ఆ తరగతి పిల్లల చిన్న జట్టుకి, లీడర్ దొరకలేదు. ఎవరూ చెయ్యెత్తకపోతే నేనెత్తాను. ఆరేళ్ళుగా వాళ్ళతోపాటే ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చాను. ఇప్పుడు బాబు ఐదో తరగతి, మార్చిలో ట్రూప్‌లోకి, అంటే పెద్దపిల్లల స్కౌట్ దళంలోకి, వెళ్తున్నాడు. అక్కడి స్కౌట్‌మాస్టర్ నన్ను అసిస్టెంట్‌గా రమ్మంటున్నారు. ఇక్కడేమో మా ప్యాక్‌ని, అంటే డెన్‌లన్నీ కలిసిన దళాన్ని, నడిపే కబ్‌మాస్టర్ గారి అబ్బాయి కూడా ఈ ఏడే వెళ్తున్నాడు, ఆయనా అబ్బాయితో వెళ్ళిపోతారట. ఆ బాధ్యత నన్ను తీసుకోమంటున్నారు. మా పాప రెండో తరగతి, అదే ప్యాక్‌లో ఉంది. ఇంతలో పదేళ్ళ తర్వాత నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఇండియాలో బీటెక్ చేసి నాలుగేళ్ళు టెస్టింగ్‌లో పనిచేశాను గానీ ఇప్పుడు బడిలో పని చేయాలనుంది. బాబుతో వెళ్ళాలా, పాప దగ్గర ఉండాలా, రెండూ మానేసి ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు: నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది బాబు వెంట వెళ్ళకండి. కబ్‌మాస్టర్‌గా ఒప్పుకోండి, కానీ రెండేళ్ళే చేస్తానని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి. ట్రూప్‌కి మీ వారిని పంపండి, అదీ కమిటీలోకి. ఉద్యోగం కోసం వీటిలో దేన్నీ మానక్కర్లేదు. ఎందుకో చెప్తాను.

మన ఊళ్ళలో ఈ ప్రశ్నే రాదు. అక్కడ స్కౌటింగ్ ఎక్కువగా బళ్ళలోనే నడుస్తుంది, కబ్ మాస్టరూ స్కౌట్ మాస్టరూ ఆ బడి టీచర్లే. మూడో తరగతి మాష్టారు మూడో తరగతిలోనే ఉంటారు, పిల్లలే పైకి వెళ్తారు. అమెరికాలో అలా కాదు. ఇక్కడ లీడర్లంటే చాలావరకు తల్లిదండ్రులే. శనివారం తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాళ్ళని చూడండి, సగంమంది తమ పిల్లాడి తరగతికే చెప్తుంటారు, మరుసటి ఏడాది వాడితోపాటే పై తరగతికి వెళ్తారు.

కబ్ స్కౌట్స్‌లో ఇది తప్పు కాదు, ఆ ఏర్పాటే అలా ఉంది. కిండర్‌గార్టెన్‌లో లయన్, ఒకటిలో టైగర్, రెండులో వుల్ఫ్, మూడులో బేర్, నాలుగులో వెబెలోస్, ఐదులో యారో ఆఫ్ లైట్. డెన్ అంటే ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలు. వాళ్ళ పేర్లూ అలకలూ, ఎవరికి వేరుశనగ పడదో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో తెలిసిన మనిషి ఏడాదికేడాది మారిపోతే ఆ డెన్ నిలవదు. లయన్, టైగర్ పిల్లల పక్కన ఇంటి పెద్దవాళ్ళొకరు ఉండి తీరాలనే నియమం కూడా ఉంది. కాబట్టి ఆరేళ్ళు మీరు బాబుతోపాటు నడవడం ముమ్మాటికీ సరైన పనే.

అయినా ఆ ఆరేళ్ళలో మనకో అలవాటు పడిపోతుంది. పైన్‌వుడ్ డెర్బీ గుర్తు తెచ్చుకోండి. ఓ పైన్ చెక్క ముక్క, నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఇస్తారు. పిల్లాడు దాన్ని కారులా చెక్కి, ఏటవాలు ట్రాక్ మీద పందెంలో వదలాలి. బరువు 5 ఔన్సులు దాటకూడదు, అంటే 142 గ్రాములు. 1953లో కాలిఫోర్నియాలోని మ్యాన్‌హాటన్ బీచ్‌లో మొదలైన ఆట ఇది. ఇప్పుడు ఏ ప్యాక్‌లోనైనా వరసలో పెట్టిన కార్లు చూస్తే ఏది పిల్లాడు చేసిందో, ఏది గ్యారేజీలో రాత్రి పదకొండింటికి నాన్న చేసిందో దూరం నుంచే చెప్పేయచ్చు. పిల్లాడి కారుకి రంగు కారి ఉంటుంది. నాన్న కారుకి వెనకాల టంగ్‌స్టన్ బరువు దింపి, మేకులకి గ్రాఫైట్ పూసి ఉంటుంది. మన ఇంజనీరు నాన్నల సంగతి చెప్పక్కర్లేదు, తూకం యంత్రం జేబులో పెట్టుకొచ్చినవాళ్ళని నేను చూశాను. సరదాగానే ఉంటుంది. కానీ ఆ చేతులే ట్రూప్‌లోకీ వస్తాయి.

ట్రూప్ వేరే లోకం. 1907లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరం పెట్టినప్పుడే పిల్లల్ని చిన్న చిన్న జట్లు చేసి, ఒక్కో జట్టుకీ వాళ్ళలోనే ఒకడిని పెద్దగా పెట్టాడు. ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పదమూడేళ్ళ పెట్రోల్ లీడర్, అంటే జట్టు నాయకుడు, చెప్తాడు, పదకొండేళ్ళవాడు వింటాడు. వంట వాళ్ళదే, గుడారం వాళ్ళదే, మరిచిపోయిన స్లీపింగ్ బ్యాగూ వాళ్ళదే. పెద్దవాళ్ళు దూరంగా కూర్చుని ప్రమాదం రాకుండా చూస్తారు, అంతే. ఆరేళ్ళు అన్నీ చేసిపెట్టిన తల్లికి ఉన్నట్టుండి చేతులు కట్టుకుని కూర్చోమంటే ఎంత కష్టమో ఆలోచించండి.

ఈ మాట అనుభవంతోనే చెప్తున్నాను. మావాడు ట్రూప్‌లో చేరిన నెలకే నేనూ అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్‌గా చేరాను. మొదటి క్యాంపు నవంబరులో. సాయంత్రం మావాడి జట్టు మాకరోనీ వండుతోంది. నీళ్ళు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు, ప్యాకెట్టు మొత్తం గుమ్మరించేశారు. నేను గబగబా లేచి వెళ్ళబోతుంటే, కాఫీ తాగుతున్న మా స్కౌట్‌మాస్టర్ నావైపు చూడకుండానే పక్కనున్న మడత కుర్చీ మీద రెండుసార్లు తట్టారు. కూర్చున్నాను. పిల్లలు జిగురుముద్ద తిన్నారు. మరుసటి నెల క్యాంపులో, ఎవరూ చెప్పకుండానే, మూత పెట్టి నీళ్ళు మరిగేదాకా ఆగారు.

కథ అక్కడితో అయిపోతే నేనూ మంచి లీడర్ని అయ్యుండేవాణ్ణి. మూడో క్యాంపులో ఏదో పనికి ఎవరు వెళ్తారని పెట్రోల్ లీడర్ మావాణ్ణి అడిగాడు. వాడు జవాబు చెప్పే ముందు తల తిప్పి నావైపు చూశాడు. నేనేమీ అనలేదు, కుర్చీలోంచి లేవనూ లేదు. అయినా వాడు చూశాడు. ఆ రోజు ఇంటికొచ్చి కమిటీలోకి మార్చమని మెయిల్ పెట్టాను. మనం ఏమీ చెయ్యకుండా ఊరికే అక్కడ ఉండటం కూడా పిల్లాడికి ఒక బరువే అవుతుందని అప్పుడు తెలిసింది. ఏడాదిన్నర పోయాక వాడే మళ్ళీ రమ్మన్నాడు, వెళ్ళాను. అప్పటికి వాడికి నావైపు చూడాల్సిన పని లేకపోయింది.

అందుకే ఈ ఏడాది వద్దంటున్నాను, ఎప్పటికీ వద్దని కాదు. ఆడవాళ్ళు ట్రూప్‌లో ఇమడగలరా అన్న అనుమానం మీకుంటే తీసేయండి. 1988 నుంచీ స్కౌట్‌మాస్టర్‌తో సహా పెద్దవాళ్ళ పదవులన్నీ ఆడవాళ్ళకి తెరిచే ఉన్నాయి. మంచి స్కౌట్‌మాస్టర్లైన తల్లులు నాకు తెలుసు.

మరి వెంటనే వెళ్ళాల్సిన సందర్భాలు లేవా? రెండున్నాయి. పిల్లాడికి షుగర్ లాంటి జబ్బో, ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీయో ఉండి ఇంకొకరికి అప్పగించే ధైర్యం ఇంకా లేకపోతే వెళ్ళండి. ట్రూప్‌లో మనుషులే లేకపోయినా వెళ్ళండి. ఏ కార్యక్రమానికైనా ఇరవై ఒక్కేళ్ళు నిండిన రిజిస్టర్డ్ లీడర్లు కనీసం ఇద్దరుండాలి, రెండోవాళ్ళు దొరక్క క్యాంపులు రద్దయ్యే ట్రూపులున్నాయి. మీ ఉత్తరంలో ఈ రెండూ కనపడలేదు. స్కౌట్‌మాస్టర్ రమ్మన్నది మీరు బాగా చేస్తారని. అది మెచ్చుకోలు, అవసరం కాదు.

మీ వారిని కమిటీలోకి అన్నాను కదా. డబ్బు లెక్కలు, క్యాంపు రిజర్వేషన్లు, కార్లలో ఎవరెవరు వెళ్ళాలి, ఇలాంటివన్నీ కమిటీ పని. పిల్లల కంట పడకుండా చేసే సాయం. ర్యాంకులిచ్చే ముందు కూర్చునే బోర్డ్ ఆఫ్ రివ్యూలో కమిటీవాళ్ళు కూర్చుంటారు, అయితే ఎవరూ తమ పిల్లల బోర్డులో కూర్చోకూడదు. ఆ నియమం పెట్టినవాళ్ళకి తల్లిదండ్రుల సంగతి బాగా తెలిసే ఉంటుంది.

ఈ పనంతా స్కౌటింగ్‌లో అన్నిటికన్నా పై ర్యాంకైన ఈగిల్ స్కౌట్ కోసం, ఈగిల్ కాలేజీ అడ్మిషన్ కోసం అనే లెక్క మన ఇళ్ళలో తరచూ వింటాను. మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఈగిల్‌కి 21 మెరిట్ బ్యాడ్జీలు, ఒక సేవా ప్రాజెక్టు, అదీ పద్దెనిమిదేళ్ళు నిండేలోగా పూర్తి కావాలి. అమ్మ ఎక్సెల్ షీట్‌లో నడిపించిన ఈగిల్‌లు నేను చాలా చూశాను. తర్వాత కాలేజీ దరఖాస్తు వ్యాసం కోసం నా ముందు కూర్చున్నప్పుడు నేను, "ప్రాజెక్టులో నీకు ఎక్కడ ఇబ్బంది వచ్చింది?" అంటే ఆ పిల్లలకి చెప్పడానికి ఏమీ ఉండదు. ఇబ్బందులన్నీ అమ్మే పడింది మరి.

ఇక ప్యాక్. మీ కబ్‌మాస్టర్ కొడుకుతో వెళ్ళిపోతున్నారు, మీరూ వెళ్తే ఒకే మార్చిలో ఇద్దరు అనుభవమున్నవాళ్ళు పోతారు. మిగిలేది కొత్తగా వచ్చిన లయన్ తల్లులు, తండ్రులు. ఒకప్పటి మీలాంటివాళ్ళే, ఇంకా చెయ్యెత్తనివాళ్ళు. ప్యాకులు మూతపడేది పిల్లలు లేక కాదు, ఇలా ఐదో తరగతితోపాటు పెద్దలంతా ఒక్కసారే దాటిపోయి. మీ పాప ఇంకా మూడేళ్ళు అక్కడే ఉండాలి, అది మరిచిపోకండి. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల వెనక బెంచీలో క్రేయాన్లు పట్టుకుని కూర్చునే ఉంటుంది.

అలాగని కబ్‌మాస్టర్ అయ్యాక డెన్‌ని కూడా మీరే మోయకండి. వుల్ఫ్ డెన్‌కి లీడర్ లేకపోతే, ప్రతి మీటింగుకీ ముందొచ్చి కుర్చీలు సర్ది వెనక నిలబడే తండ్రి ఒకాయన ఉంటారు, ఎక్కడైనా ఉంటారు. "ఎవరైనా చేస్తారా?" అని అందరినీ అడిగితే అందరూ ఫోన్లు చూసుకుంటారు. ఆయన దగ్గరికెళ్ళి, "అన్నయ్య గారూ, అక్టోబరులో మూడు మీటింగులు మీరు నడిపించండి, ప్లాన్ నేనిస్తాను" అనండి. పని ఎంతో, ఎన్నాళ్ళో తెలిస్తే మనుషులు ఒప్పుకుంటారు. మీ తర్వాత కబ్‌మాస్టర్ ఎవరో కూడా మొదటి ఏడాదిలోనే చూసిపెట్టుకోవాలి.

ఇంకో మంచి దారి ఉంది, చాలామందికి తట్టదు. ట్రూప్‌లో కాస్త కుదురుకున్నాక బాబు డెన్ చీఫ్‌గా ప్యాక్‌కి తిరిగి రావచ్చు. పెద్ద స్కౌట్ వచ్చి చిన్నపిల్లల డెన్‌కి సాయం చేసే పదవి అది, స్టార్, లైఫ్, ఈగిల్ ర్యాంకులకి కావలసిన బాధ్యతల్లో లెక్కకొస్తుంది. అప్పుడు మీరు వాడి వెనకాల వెళ్ళినట్టు కాదు, వాడే తన పదవితో మీ దగ్గరికి వచ్చినట్టు.

ఇదంతా నేను చెప్తే కాదు, బాబుని అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, కారు నడుపుతూ అడగండి. "రానా?" అని కాక, "నేను క్యాంపుకొస్తే నీకెలా ఉంటుంది?" అనండి. "ఇట్స్ ఫైన్" అని కిటికీలోంచి బయటికి చూస్తే అది వద్దనే. "అమ్మా, ఫస్ట్ క్యాంప్‌కి మాత్రం రా" అంటే ఆ ఒక్కదానికీ వెళ్ళండి. రాత్రి అక్కడ ఉండాలంటే పెద్దవాళ్ళు కూడా రిజిస్టర్ అయ్యి, పిల్లల రక్షణ ట్రైనింగ్ చేసి ఉండాలి. మీకది ఎలాగూ ఉంది, ట్రూప్‌లో ఎలా నమోదు చెయ్యాలో మాత్రం కనుక్కోండి.

ఉద్యోగం మాట. టెస్టింగ్‌కి తిరిగి వెళ్ళాలని లేదంటున్నారు కాబట్టి దాన్ని వదిలేస్తాను. బడిలో మొదటి మెట్టు ఎడ్యుకేషనల్ ఎయిడ్, అంటే తరగతిలో టీచరుకి సహాయకురాలు. టెక్సస్‌లో ఎయిడ్ 1 సర్టిఫికెట్‌కి హైస్కూల్ చదువు, దాంతోపాటు పిల్లలతోనో తల్లిదండ్రులతోనో పనిచేసిన అనుభవం అడుగుతారు. ఆ అనుభవం చాలునా లేదా అనేది మిమ్మల్ని తీసుకునే స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ ఇష్టం. మీ ఆరేళ్ళు అక్కరకొచ్చేది ఇక్కడే. జీతం తక్కువే, కానీ బడి వేళలు మీ పిల్లల వేళలే, ప్యాక్ మీటింగులు సాయంత్రాలు కాబట్టి అడ్డం రావు. ఏడాది చేసి నచ్చితే మీ బీటెక్‌ని ఇక్కడి డిగ్రీకి సమానమని మదింపు చేయించుకుని, టీచర్ సర్టిఫికెట్‌కి ఆల్టర్నేటివ్ ప్రోగ్రామ్‌లు చూడండి. అది రెండో ఉత్తరానికి సరిపడా విషయం.

రెజ్యూమెలో మాత్రం "వాలంటీర్, కబ్ స్కౌట్స్" అని ఒక్క లైన్ రాసి ఊరుకోకండి, మన ఆడవాళ్ళు చేసే పెద్ద తప్పు అది. ఎన్నేళ్ళు, ఎంతమంది పిల్లలు, నెలకి ఎన్ని మీటింగులు, ఎన్ని క్యాంపులు, ఏ ట్రైనింగులు, అన్నీ రాయండి. ప్యాక్ క్యాంపుల కోసం బాలూ ట్రైనింగ్ చేసి ఉంటే దాన్నీ రాయండి, ఆ జంగిల్ బుక్ ఎలుగుబంటి పేరు చూసి నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఇంటర్వ్యూకి ఒక్క పిల్లాడి కథ సిద్ధంగా పెట్టుకోండి. కుదురుగా కూర్చోనివాడు మీ డెన్‌లో ఒకడుండే ఉంటాడు కదా, వాణ్ణి ఎలా దారికి తెచ్చారో చెప్పండి. పేరు మాత్రం చెప్పకండి.

ఒక సిఫారసు లేఖ కూడా కావాలి. రాయాల్సింది మీ కబ్‌మాస్టర్ గారే. మార్చి తర్వాత ఆయన ట్రూప్ హడావుడిలో పడిపోతారు, ఫిబ్రవరిలో బ్లూ అండ్ గోల్డ్ అనే ప్యాక్ వార్షిక విందు అయ్యేలోపే అడిగేయండి. తారీఖులూ లెక్కలూ మీరే ఒక కాగితం మీద రాసిస్తే ఆయనకి పని తేలికవుతుంది.