‘పుట్ ఆఫ్’ అంటే వాయిదానా, రద్దా?

‘ద మీటింగ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్’ అంటే సమావేశం రద్దయినట్లా, వాయిదా పడినట్లా అని మీరు అడిగారు. వాయిదా పడినట్లే. రద్దయితే ‘కాల్డ్ ఆఫ్’ అంటారు.

ఈ తేడా నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసివచ్చింది. శుక్రవారం జరగవలసిన డెమోను క్లయింటు ‘పుట్ ఆఫ్’ చేశారని వచ్చిన మెయిల్‌ చదివి, ఇక అది లేనట్లేనని నేను చెప్పడంతో, నాతో పనిచేసే ఇద్దరు సెలవు పెట్టి ఊళ్లకు వెళ్లిపోయారు. మంగళవారం క్లయింటు కాల్‌లోకి వచ్చేసరికి చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు.

పొరపాటంతా ‘ఆఫ్’ దగ్గరే వచ్చిందని తరువాత అర్థమైంది. లైటు ఆఫ్ చేయడం, ఫోను ఆఫ్ చేయడం అని రోజూ వాడే మనకు ఆ మాట వినగానే ఆపేయడమే స్ఫురిస్తుంది. కార్యక్రమాల విషయంలో ‘పుట్ ఆఫ్’లోని ‘ఆఫ్’కు తరువాతి తేదీకి జరిపి పెట్టడమనే అర్థం చెప్పుకోవాలి. టోక్యో నగరం ఈ రెండింటికీ ఉదాహరణ: 1940లో అక్కడ జరగవలసిన ఒలింపిక్స్‌ను జపాన్ వదులుకోగా, హెల్సింకీకి మారిన ఆ క్రీడలు యుద్ధం వల్ల చివరికి రద్దయ్యాయి కాబట్టి అవి ‘కాల్డ్ ఆఫ్’, 2020 నాటి క్రీడలు కరోనా వల్ల 2021 జూలైకి వాయిదా పడ్డాయి కాబట్టి అవి ‘పుట్ ఆఫ్’.

మనిషిని ‘పుట్ ఆఫ్’ చేయడం మాత్రం రెండు విధాలు. అప్పు అడగవచ్చినవాడిని ఏదో ఒక సాకుతో తిప్పి పంపడం ఒకటి. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి దయ్యాన్ని సాగనంపింది కూడా ఇలాగే, ఎందుకంటే అందులో రావద్దన్న మాట ఎక్కడా లేదు. రెండవది విముఖత కలిగించడం: ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకు నాకు తినాలన్న కోరికే పోయిందని.

వాక్యంలో వాడేటప్పుడు ‘ఇట్’ వంటి సర్వనామం మధ్యలోకి రావాలి. ‘పుట్ ఇట్ ఆఫ్’ సరైనది, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. వెనుక క్రియ వస్తే ‘ఇంగ్’ రూపమే రావాలి కనుక, పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లడాన్ని వాయిదా వేస్తున్నానని చెప్పడానికి ‘పుటింగ్ ఆఫ్ గోయింగ్’ అనాలి గాని, చాలామంది రాస్తున్నట్లు ‘పుటింగ్ ఆఫ్ టు గో’ అనకూడదు.