ఎంత చెప్పినా 'వాళ్లంతా ఇంతే' అని ఎందుకు నమ్ముతారు?

బాగా చదువుకున్న మీ బాబాయ్ ఒక మతం వాళ్లంతా ఇంతేనని ఎందుకు నమ్ముతారు, ఎన్ని ఆధారాలు చూపించినా ఎందుకు మారరు అని అడిగారు. కొన్ని వారాల పాటు నేను కూడా అలాగే నమ్మాను. అందుకని లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసినంత చెప్తాను.

2020 మార్చి. లాక్‌డౌన్ పెట్టి వారమైంది. మేం విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. నాన్నకు షుగర్, గుండెకు స్టెంట్ కూడా వేశారు. కరోనా ఎట్నుంచి వచ్చి పడుతుందో ఎవరికీ తెలియదు. పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగి, అనుమానం తీరక మళ్లీ కడిగేదాన్ని. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

అప్పుడే ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత సంస్థ జరిపిన సమావేశం గురించి వార్త వచ్చింది. అక్కడికి వెళ్లొచ్చిన చాలామందికి పాజిటివ్ వచ్చిన మాట నిజమే, వాళ్లలో మన రెండు రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు. ఆ ఒక్క నిజానికి రెండు రోజుల్లో ఎన్నెన్ని కథలు అల్లారో! 'ముస్లింల దగ్గర పండ్లు కొనొద్దు' అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తే, దాన్ని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది నేనే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మీ ప్రశ్నకు జవాబు ఆ నిద్రలోనే ఉంది. ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియని భయానికి ఒక ముఖం దొరికింది, ప్రాణం కుదుటపడింది. 'ఏదో ఒకటి తేలిపోతే చాలు, ఈ అయోమయం మాత్రం భరించలేను' అనే ఈ ఆరాటాన్ని ఆరీ క్రుగ్లాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశోధించారు. 1996లో డోనా వెబ్‌స్టర్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఇందులో రెండు అంచెలు ఉంటాయన్నారు. ముందు చేతికందిన జవాబును లాక్కుంటాం, ఆ తర్వాత దాని మీదే గడ్డకట్టుకుపోతాం. అలసట, తొందర, చుట్టూ గోల ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది. ఈ ఆరాటం ఎక్కువున్నవాళ్లు సంప్రదాయవాద రాజకీయాల వైపు కొంత మొగ్గుతారని, 12 దేశాల అధ్యయనాలను కలిపి 2003లో జాన్ జోస్ట్ బృందం చూపించింది. అలాగని ఇది ఒక పార్టీ జబ్బని నేను అనుకోను. దగ్గర్లో ఏ జవాబు దొరికితే మనసు దాన్నే పట్టుకుంటుంది.

గడ్డకట్టడం ఎలా ఉంటుందో కూడా చూశాను. ఏళ్లుగా మాకు బత్తాయిలు, బొప్పాయిలు ఇచ్చే ఆయన బండి తోసుకుంటూ వచ్చారు. నాన్న ఆయన్ని 'భాయ్' అనే పిలిచేవారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. పాత లుంగీ గుడ్డతో కుట్టిన మాస్కు, చిల్లర వేయడానికి సబ్బు నీళ్లున్న స్టీలు గిన్నె. మా ఫ్లాట్లలో ఎవరమూ అంత జాగ్రత్తగా లేం. నన్ను చూసి, "అమ్మా, ఏ టెస్టు చేయించుకుని వస్తే రానిస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఏ కాగితం తెచ్చినా నేను ఒప్పుకునేదాన్ని కాదని ఆ క్షణంలోనే తెలిసింది. అయినా గేటు తీయమనలేదు.

తర్వాత మా బిల్డింగులో మొదటి పాజిటివ్ మూడో అంతస్తులో వచ్చింది, ఆఫీసుకి వెళ్లొస్తున్న మావాళ్లకే. 'పాపం, ఉద్యోగం కదా' అన్నాం. ఆ ఇంటివాళ్ల కులం, మతం ఎవరికీ గుర్తు రాలేదు. ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, జమాత్‌కు వచ్చిన 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తోందని అంది. గ్రూపులో ఆ వార్త ఎవరూ పెట్టలేదు. ఈసారి నేను పెట్టాను, ఒక్కరూ మాట్లాడలేదు.

కాబట్టి రాత్రి టీవీ చర్చ నడుస్తుండగా, అలసిపోయి ఉన్న మీ బాబాయ్‌తో వాదనకు దిగకండి. బెల్జియంలో క్రిస్టోఫ్ దోంట్, ఆర్నె రూట్స్, అలైన్ వాన్ హీల్ 2011లో ఒక మంచి విషయం గమనించారు. అవతలి వర్గం వాళ్లతో నేరుగా పరిచయం పెరిగితే, ఈ ఆరాటం ఎక్కువున్నవాళ్లలోనే ద్వేషం ఇంకా బాగా తగ్గిందట. మా ఇంట్లో అదే జరిగింది. జూలైలో నాన్న నన్ను అడక్కుండా కిందికి దిగి, గేటు బయటే నిలబడి భాయ్‌తో అరగంట మాట్లాడి, రెండు బొప్పాయిలు పట్టుకుని పైకొచ్చారు.

మీ బాబాయ్ స్కూటర్ ఎవరి దగ్గర బాగు చేయిస్తారో, ప్యాంట్లు ఎవరి దగ్గర కుట్టిస్తారో ఒకసారి కనుక్కోండి. ఈసారి ఆయనతో పాటు మీరూ వెళ్లండి.