పాత ఐడియాకే ఫండింగ్ వస్తుంటే చదువు ఆపేయనా?

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాను. ఎప్పుడో మూతపడిన ఇంటర్నెట్ కంపెనీల ఐడియాలనే కాస్త మార్చి తెచ్చినవాళ్లకి ఫండింగ్ దొరుకుతోంది. నా దగ్గరా అలాంటిదొకటి ఉంది. చదువు ఆపేసి ఇన్వెస్టర్ల చుట్టూ తిరగమంటారా?

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే ఆపకు. అలాగని ఐడియా పాతదని మొహమాటపడకు, ఆ మాటకొస్తే గూగుల్ కంటే ముందే ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజన్ ఉంది, ఫేస్‌బుక్ కంటే ముందే ఫ్రెండ్‌స్టర్ అనే సోషల్ నెట్‌వర్క్ ఉంది. ఆ పాత ఐడియా అప్పుడెందుకు మునిగింది, ఇప్పుడేం మారింది? ఇన్వెస్టర్ అడిగేది ఇదే. నా దగ్గరికి వచ్చే పిల్లల స్లైడ్లలో మార్కెట్ సైజు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దీనికి జవాబు చెప్పే ఈ ఒక్క పేజీ మాత్రం ఉండదు.

అమెరికాలో వెబ్‌వాన్ అని ఉండేది. ఆన్‌లైన్‌లో సరుకులు ఆర్డర్ చేస్తే ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు. జనం ఎంతమంది అలవాటు పడతారో తేలకుండానే 1999లో గిడ్డంగులు కట్టడానికి వంద కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చేశారు. అచ్చంగా నేల విడిచి సాము. సరిపడా ఆర్డర్లు రాలేదు, 2001 జులైలో దివాలా తీసింది. 2012లో ఇన్‌స్టాకార్ట్ అదే పని మొదలుపెట్టింది, కాకపోతే గిడ్డంగులు కట్టలేదు. ఉన్న సూపర్‌మార్కెట్లే గిడ్డంగులు, ఫోన్‌లో లిస్టు చూసుకుంటూ సరుకులు బుట్టలో వేసుకుని తన కారులో తెచ్చిచ్చే మనిషే వ్యాను. 1999లో ఆ మనిషి జేబులో స్మార్ట్‌ఫోన్ లేదు కదా! వెబ్‌వాన్‌లో చేతి చమురు వదిలించుకున్న ఇన్వెస్ట్‌మెంట్ సంస్థ సెకోయా కాపిటలే ఇన్‌స్టాకార్ట్‌లోనూ డబ్బు పెట్టింది.

కానీ ఫోన్ వచ్చినంత మాత్రాన లెక్కలు మారిపోవు. 2001లోనే మూతపడిన కోజ్మో అనే అమెరికా కంపెనీ డెలివరీ ఛార్జీ లేకుండా గంటలో తెచ్చిచ్చేది, ఒక్క ఐస్‌క్రీమ్ డబ్బా ఆర్డర్ చేసినా సరే. ఆ డబ్బా మీద మిగిలేదానికంటే తెచ్చే మనిషికిచ్చేది ఎక్కువైతే, ఏ యాప్ పెట్టినా ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

ఇంకోటి, నీకు కనిపిస్తున్న ఫండింగ్‌లో గొర్రెదాటు కూడా ఉంది. ఇన్వెస్టర్ ముప్పై చోట్ల పెట్టి ఒకటి రెండు పండితే గట్టెక్కుతాడు, నీకున్నది ఒకటే కెరీర్. ఇద్దరి లెక్కా ఒకటి కాదు.

అందుకని ఈ సెమిస్టర్‌లో ఒక పని చెయ్యి. నీ ఐడియాతో మునిగిన కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్లిందై ఉంటే దాని ప్రాస్పెక్టస్ (షేర్లు అమ్మే ముందు కంపెనీ తన లెక్కలు బయటపెట్టే పత్రం) వెతికి చదువు, ఒక్కో ఆర్డర్‌కి ఎంత ఖర్చయ్యేదో చాలావరకు అందులోనే తెలుస్తుంది. తర్వాత యాప్ గీప్ ఏమీ లేకుండా, ఒక గూగుల్ ఫామ్, నీ ఫోన్ నంబర్‌తో ఇరవై మందికి ఆ సేవ అందించి చూడు. ఫ్రెండ్స్‌ని లెక్కలోకి తీసుకోకు, వాళ్లు నీ ముఖం చూసి ఆర్డర్ ఇస్తారు. ప్రతి ఆర్డర్‌కీ అయిన ఖర్చు, పట్టిన టైమ్ నోట్‌బుక్‌లో రాసుకో. నువ్వు గుర్తు చేయకుండా రెండోసారి డబ్బిచ్చి అడిగినవాళ్లు ఎంతమందో చూసి ఆ లెక్కతో మళ్లీ రాయి, చదువు సంగతి అప్పుడు మాట్లాడదాం.