వార్డు కౌన్సిలర్‌కి నిజంగా ఏమైనా అధికారం ఉంటుందా?

ప్రశ్న అడిగినాయన కింద ఇంకో మాట కూడా రాశారు. "పన్నులు, ఇళ్ళు, నీళ్ళు అన్నీ పైనుంచే తేలిపోతాయి కదా, ఇక కౌన్సిల్‌లో కూర్చుని వీళ్ళు చేసేదేంటి, టీ తాగడం తప్ప?" అని. టీ తాగుతాం, నిజమే. సమోసా కూడా ఇస్తారు. బడ్జెట్ సమావేశం రోజైతే జీడిపప్పు ప్యాకెట్టు, ఓ చేతిసంచీ అదనం.

నేను 2021 మార్చిలో కౌన్సిలర్‌గా గెలిచాను. కోస్తాలో ఓ మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున్నే మా గుమ్మం ముందు పంచాయితీ. మా వార్డు మహిళకి రిజర్వ్ అయింది కాబట్టి నన్ను నిలబెట్టారు. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ మా ఆయన్నే "కౌన్సిలర్ గారూ" అని పిలుస్తారు, నన్నేమో "కౌన్సిలర్ గారి భార్య" అంటారు. ఫ్లెక్సీల మీద కూడా ఆయన ఫొటో నా ఫొటో కన్నా పెద్దది. ఆ బాధ వేరే ఎవరైనా అడిగినప్పుడు రాస్తాను.

మీరన్న దాంట్లో నిజం చాలానే ఉంది, ముందు అది ఒప్పుకుంటాను. మేం గెలిచి మూడు నెలలైనా కాకుండానే ఆస్తి పన్ను తీర్మానం మా ముందుకొచ్చింది. అంతకుముందు ఇంటి అద్దె విలువ మీద పన్ను వేసేవారు. ఇకమీదట స్థలం, కట్టడం కలిపిన రిజిస్ట్రేషన్ విలువ మీద వేస్తారట. ఇళ్ళకైతే 0.10 నుంచి 0.50 శాతం లోపల ఎంతో మేం తేల్చుకోవచ్చు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదు. 375 చదరపు అడుగుల్లోపు సొంతింట్లో ఉండేవాళ్ళకి ఏడాదికి 50 రూపాయలే. తేల్చుకోవచ్చు అన్నారు గానీ తేలాల్సిందంతా అప్పటికే తేలిపోయింది. కరోనా ఏడాదిలో కేంద్రం రాష్ట్రాలని ఇంకాస్త అప్పు తెచ్చుకోనిస్తూ కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నుని రిజిస్ట్రేషన్ విలువకి ముడిపెట్టడం అందులో ఒకటి. అది చేస్తే రాష్ట్ర జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్రం ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో, పావు శాతం అప్పు ఎక్కువ పుడుతుంది. 2020 నవంబరులోనే ఆ మేరకు ప్రభుత్వ ఉత్తర్వు, 198 జీవో, వచ్చేసింది. ఇంత దూరం నుంచి నడుచుకుంటూ వచ్చిన తీర్మానాన్ని మా ఊరి కౌన్సిల్ హాల్లో ఆపేదెవరు? బయట ఎర్రజెండాల వాళ్ళు ధర్నా చేస్తుంటే లోపల మేం చేతులెత్తాం. నేనూ ఎత్తాను.

చెత్త పన్ను కూడా అంతే. 2021లో చేతులెత్తి వేశాం. ప్రభుత్వం మారాక 2024 చివర్లో తీసేశారు. వేసేటప్పుడూ మా మాట ఎవరూ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. మధ్యలో మూడేళ్ళు గడప గడపకీ తిట్లు తిన్నది మాత్రం మేమే. ఒకావిడైతే చెత్తబుట్ట నా చేతిలో పెట్టి "తీస్కెళ్ళమ్మా, డబ్బులు తీసుకుంటున్నావుగా" అంది.

ఇళ్ళ సంగతి ఇంకా ఘోరం. మా ఊరి శివార్లో టిడ్కో బ్లాకులున్నాయి, అంటే పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టే అపార్ట్‌మెంట్లు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళు. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇంకొకటి రంగులు మార్చింది. 365 వాళ్ళ వాటా 50 వేల నుంచి 25 వేలకి, 430 వాళ్ళది లక్ష నుంచి 50 వేలకి తగ్గించారు, 300 అడుగుల ఇల్లు రూపాయికే అన్నారు. బాగానే ఉంది. కానీ తాళం చేతికి రాకుండానే బ్యాంకు వాయిదా కట్టమని నోటీసు అందుకున్నవాళ్ళు మా వార్డులోనే ఉన్నారు. నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేనేం చేయను? ఆ జాబితాలో ఒక్క పేరు రాయడానికి గానీ కొట్టేయడానికి గానీ నాకు పెన్ను లేదు.

అయితే మా చేతిలో ఏముంది అంటారా? వస్తున్నా.

మున్సిపాలిటీకి వచ్చే డబ్బు రెండు రకాలు. ఒకటి పైనుంచి వచ్చేది. అది ముక్కుతాడు వేసి ఇస్తారు. కేంద్రం నుంచి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధులే తీసుకోండి, అందులో 60 శాతం తాగునీళ్ళకి, పారిశుధ్యానికే వాడాలన్నారు. రెండోది జనరల్ ఫండ్, అంటే మన ఊరి పన్నులు, మార్కెట్ ఆశీలు, మున్సిపల్ షాపుల అద్దెలు. ఎక్కడైనా కౌన్సిల్ నిజంగా కౌన్సిల్‌లా పనిచేయాలంటే ఈ రెండోదాని దగ్గరే. సరిగ్గా ఈ రెండోదాని గురించే ఏ కౌన్సిల్‌లోనూ ఎవరూ నోరెత్తరు. మా ఊరు ఒక్కటే చూసి అన్ని ఊళ్ళ గురించి చెబుతున్నానని అనుకుంటారేమో. పక్క మున్సిపాలిటీల కౌన్సిలర్లతో శిక్షణ తరగతుల్లో మాట్లాడాను. అందరిదీ ఇదే కథ.

నేను గెలవకముందు నుంచీ టైలర్‌ని. మెయిన్ రోడ్డులో మున్సిపల్ కాంప్లెక్స్‌లో 14వ నంబర్ గదిలో ఆరేళ్ళు మిషన్ కుట్టాను. నెలకి 8,500 అద్దె. ప్రతి అయిదో తారీఖునా "ఓనరు గారు" వచ్చి తీసుకెళ్ళేవారు. పెద్దాయన, మంచివాడు, ఒక్కరోజు కూడా గట్టిగా మాట్లాడింది లేదు. ఆ గది ఆయనదే అనుకున్నాను. కాంప్లెక్స్ మీద "పురపాలక సంఘము" అని పేద్ద అక్షరాలున్నాయి కదా, తెలియదా అని మీరు అడగొచ్చు. రోజూ చూసేదాన్ని ఎవరు చదువుతారండీ.

2022లో ఓ సాధారణ సమావేశం. మూడు రోజుల ముందు అటెండరు అజెండా తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. 31 అంశాలు. మా వాళ్ళెవరూ అజెండా చదవరు, ఫ్లోర్ లీడరు, అంటే కౌన్సిల్‌లో మా పార్టీ నాయకుడు, చెప్పినప్పుడు "ఆమోదం" అంటారు అంతే. ఆ రాత్రి కరెంటు పోయింది, టీవీ లేదు, చార్జింగ్ లైటు పెట్టుకుని నేను చదివాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, కరెంటు ఉండుంటే సీరియల్ చూసేదాన్ని.

19వ అంశం: కాంప్లెక్సులోని 46 గదులకి 25 ఏళ్ళ లీజు పూర్తయినందున, కరోనా వల్ల వ్యాపారులు నష్టపోయినందున, మానవతా దృక్పథంతో మరో మూడేళ్ళు పొడిగించుటకు కౌన్సిల్ వారి ఆమోదం కొరకు. వెనక జాబితా జతచేశారు. 14వ నంబర్ గది, అద్దె 1,840. నేను నాలుగుసార్లు చూశాను. పక్కన పేరు మా ఓనరు గారిదే. 1997లో 184 రూపాయలకి వేలంలో పాడుకున్న గది, మూడేళ్ళకోసారి మూడోవంతు పెరుగుతూ అక్కడికి వచ్చిందని తర్వాత రెవెన్యూ సెక్షన్‌లో చెప్పారు. ఆయన కట్టేది 1,840, నా దగ్గర తీసుకునేది 8,500.

కొలతలు రాసుకునే పుస్తకం తీసి వెనక పేజీలో లెక్క వేశాను. 46 గదులు, గదికి 1,840 చొప్పున ఏడాదికి పది లక్షల చిల్లర. బయట నడుస్తున్న అద్దె సగటున ఎనిమిది వేలు అనుకున్నా 44 లక్షలు. తేడా 34 లక్షలు. అదే అజెండాలో 22వ అంశం ఏమిటో తెలుసా? టిడ్కో ఇళ్ళకి ట్యాంకర్లతో నీళ్ళు తోలినందుకు ఆరునెలల బిల్లు 9 లక్షల 72 వేలు, నిధుల లభ్యతను బట్టి చెల్లించుటకు. నిధుల లభ్యతను బట్టి అంటే ట్యాంకరు వాడికి డబ్బులివ్వం అని అర్థం. అప్పటికే వాడు రోజు విడిచి రోజు తోలుతున్నాడు. మూడో అంతస్తులో ఉన్న ముసలావిడ బిందెతో ఎక్కుతూ మెట్ల మీద కూర్చుండిపోవడం నేను కళ్ళారా చూశాను.

సమావేశం రోజు మహిళా కౌన్సిలర్ల భర్తలంతా బయట వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అది వాళ్ళ కౌన్సిల్, మాకంటే అక్కడే చర్చ ఎక్కువ జరుగుతుంది. లోపల క్లర్కు అంశాలు చదువుతున్నాడు, ఆమోదం, ఆమోదం, ఆమోదం. 19 చదివాడు. నేను లేచాను. కాళ్ళు వణికాయి, అబద్ధమెందుకు.

"చైర్‌పర్సన్ గారూ, 14వ నంబర్ గదిలో ఆరేళ్ళ నుంచి మిషన్ కుడుతున్నది నేనే. నేను నెలకి ఎనిమిదిన్నర వేలు కడుతున్నాను. ఇక్కడ పద్దెనిమిది వందల నలభై ఉంది. మిగతా ఆరువేల ఆరువందల అరవై ఎవరికి పోతోందో చెబితే నేనూ ఆమోదం అంటాను."

మొదట ఎవరో నవ్వారు. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ తర్వాత ఇక చెప్పక్కర్లేదు. మా ఫ్లోర్ లీడరు "కూర్చోమ్మా, మనం తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. అవతలి పార్టీవాళ్ళు బల్లలు గుద్ది మినిట్స్‌లో రాయాల్సిందే అన్నారు. వాళ్ళలో ఇద్దరికి ఆ కాంప్లెక్స్‌లోనే బినామీ గదులున్నాయని తర్వాత తెలిసింది, అయినా గుద్దారు. కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "పరిశీలిస్తాం" అన్నారు. 19వ అంశం వాయిదా పడింది. ట్యాంకర్ల బిల్లు ఎలాగూ ఆమోదమే, కాగితం మీద.

బయటికి రాగానే మా ఆయన బండి స్టార్ట్ చేసి ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఓనరు గారు ఇంటికొచ్చారు. చేతిలో అరటిపళ్ళు. కూర్చున్నారు, మంచినీళ్ళు తాగారు. "అమ్మాయ్, నీకు నేనేం లోటు చేశాను? కరోనాలో రెండు నెలల అద్దె వదిలేశానా లేదా?" అన్నారు. వదిలేశారు, నిజమే. ఆయన ఆ గదిలో చెప్పుల షాపు పెట్టి దెబ్బతిని, ఆ అద్దె మీదే ఇద్దరు పిల్లల్ని చదివించారట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఒకటి మాత్రం అడిగాను, "మరి ఆ గది మీదని నాకెందుకు చెప్పారండీ?" అని. "నేనెప్పుడన్నాను? నువ్వే ఓనరు గారూ అన్నావు" అన్నారు. ఆలోచిస్తే అదీ నిజమే.

రెండు సమావేశాల తర్వాత ఆ అంశం టేబుల్ అజెండాగా వచ్చింది. టేబుల్ అజెండా అంటే ముందు ఇవ్వకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే కాగితం. ఊళ్ళో డబ్బు దారి తప్పేది అక్కడే, రాసిపెట్టుకోండి. కానీ అప్పటికి పేపర్లో జిల్లా పేజీలో వచ్చేసింది కాబట్టి పొడిగింపు నడవలేదు, వేలం పెట్టక తప్పలేదు. 46లో 29 గదులకే వేలం జరిగింది. మిగతా వాళ్ళు కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. ఆ 29లో 14వ నంబర్ కూడా ఉంది. నేను పాడదామనుకున్నాను. "కౌన్సిలర్ పాడితే ఊరు ఊరుకుంటుందా, దీనికోసమే చేసిందంటారు" అన్నాడు మా ఆయన. ఆ గది నెలకి 13,200 చొప్పున ఓ సెల్‌ఫోన్ల షాపుకి పోయింది. నా మిషన్లు రెండూ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

వచ్చిన డిపాజిట్ల డబ్బు నీళ్ళకి పోయిందా అంటే కొంత పోయింది. ట్యాంకరు వాడికి పాత బాకీ తీరింది, మళ్ళీ రోజూ తోలాడు. పైపులైను బ్లాకుల దాకా వేశారు, పై అంతస్తులకి ప్రెజర్ చాలక మోటార్లు కావాలంటున్నారు. మిగతా డబ్బుతో సెంటర్‌లో "ఐ లవ్" అని ఎర్ర గుండె బొమ్మతో మా ఊరి పేరు వెలిగే బోర్డు పెట్టారు. దానికి నేను డిసెంట్, అంటే ఒప్పుకోనని, రాసిచ్చాను. ప్రతి ఊళ్ళో ఈ గుండె బొమ్మ ఏంటో నాకర్థం కాదు. ఊరి మీద ప్రేమ ఉంటే ముందు కాలవలో పూడిక తీయించాలి కదా. ఇప్పుడు అందులో రెండు అక్షరాలు వెలగవు.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: అధికారం ఉంటుంది, కానీ మీరు వెతుకుతున్న చోట ఉండదు. మీ కౌన్సిలర్‌ని పన్ను ఎందుకు పెంచావని నిలదీస్తే ఆయన పైకి చూపిస్తాడు, తప్పించుకుంటాడు. మీ ఊరి మున్సిపల్ షాపుల జాబితా ఇమ్మనండి. గది నంబర్, లీజుదారు పేరు, అద్దె. ఆ కాగితం పట్టుకుని కాంప్లెక్స్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, లోపల కూర్చున్నవాళ్ళ పేర్లు అడగండి. ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలే.

మళ్ళీ నిలబడతారా అని వార్డులో అడుగుతున్నారు. మా పార్టీవాళ్ళు మాత్రం అడగలేదు. ఇంటి దగ్గర గిరాకీ సగానికి పడిపోయింది, మెయిన్ రోడ్డు మెయిన్ రోడ్డే. ఓనరు గారు బజార్లో కనిపిస్తే పక్కకి తిరిగిపోతారు. ఆయన భార్య మాత్రం జాకెట్లు ఇప్పటికీ నా దగ్గరే కుట్టించుకుంటుంది. వెనక సందులోంచి వస్తుంది.