ఎక్కుడు కాదు, దిగుడు చూసుకోండి

అడిగిన ప్రశ్న: వరంగల్ చుట్టుపక్కల గుట్టలు, వాగులు ఉన్న వైపు సైకిల్ మీద ఒక రౌండ్ వేసి రావాలంటే మంచి రూట్ ఏది, రోజూ తొక్కే అలవాటు లేనివాళ్లు కూడా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. నేను ఐదారుసార్లు తిరిగిన రూట్ చెప్తాను. సైకిల్‌ను ములుగు రోడ్డు మీది గూడెప్పాడ్ దాకా కారు వెనక కట్టుకొని వెళ్లి, అక్కడ దించుకొని మల్లంపల్లి, ములుగు, జంగాలపల్లి మీదుగా రామప్ప గుడి, అక్కడి నుంచి గణపురం, రేగొండ, పరకాల, మళ్లీ గూడెప్పాడ్. మొత్తం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. తెల్లారకముందే బయల్దేరితే ఆగుతూ తిన్నా మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అంత వద్దనుకుంటే ములుగులోనే మొదలుపెట్టి రామప్ప చూసుకొని వెనక్కి రండి.

అందరూ గట్టమ్మ ఎక్కుడు గురించే భయపెడతారు. ములుగు రాకముందు వచ్చే గుట్ట అది, మేడారం పోయేవాళ్లంతా ముందు ఆ తల్లికి మొక్కి కదులుతారు. అక్కడ చేయాల్సింది ఒక్కటే, ఏటవాలు మొదలు కాకముందే చిన్న గేరులోకి రావాలి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చెయిన్ ఊడుతుంది. ఊపిరి అందకపోతే దిగి నడవండి, పైన కొబ్బరికాయ కొట్టండి. ఎక్కుడులో ఎవరికీ ఏమీ కాదు. నా మోచేతి మీద మచ్చ పడింది దిగుడులోనే.

ఒక నవంబర్‌లో జరిగింది. రామప్పలో అరగంట కూర్చొని (1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి ఆదివారం వెళ్తే కూర్చోవడానికి చోటుండదు, మామూలు రోజు వెళ్లండి) పాలంపేట దాటి గణపురం వైపు పోతున్నా. దిగుడు, ఎదురుగా ఎవరూ లేరు, చల్లగాలి, స్పీడ్ 35 దాటింది. మలుపు తిరిగేసరికి రోడ్డు సగం దాకా వడ్లు. అంచున వరసగా రాళ్లు, ఆ చివర వడ్లు కప్పే నల్ల పరదా. రాళ్లు తప్పించబోయి నేరుగా వడ్ల మీదికి వెళ్లాను, భయంతో ముందు బ్రేకు గట్టిగా నొక్కాను. వడ్ల మీద టైరుకు పట్టు దొరకదు, గోలీల మీద కాలు వేసినట్టే. చక్రం పక్కకు జారింది, నేను మోచేతి మీద పడి వడ్లను గీసుకుంటూ రెండు గజాలు పోయాను.

కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒక పెద్దావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అయ్యో బిడ్డా, గట్టిగ తాకిందా" అంటూ సీసాలో నీళ్లు చేతి మీద పోసింది. నొప్పికి నాకు కోపం వచ్చింది. "రోడ్డు మీద పోస్తే ఎట్లా అవ్వా" అన్నాను. ఆమె కోప్పడలేదు. "మరి యాడ పోయాలె కొడుకా? తేమ ఉన్నదని మూడు దినాల సంది కాంటా పెడ్తలేరు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చెదిరిపోయిన వడ్లను ఆమె చీపురుతో ఊడుస్తుంటే నేను చేటలోకి ఎత్తాను.

ఇది తెలియనివాళ్లే రైతును తిడతారు. కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోవాలంటే తేమ 17 శాతం దాటకూడదు. పూర్వం చేత్తో కోసి, కోసిన వరి మెదలు పొలంలోనే ఎండాక నూర్చేవారు. ఇప్పుడు మిషన్ కోస్తుంది, గింజ పచ్చిగానే ట్రాక్టర్‌లో పడుతుంది. దాన్ని ఆరబోయడానికి గట్టి నేల కావాలి, ఎండకు కాగే తారురోడ్డుకు మించిన నేల ఊర్లో ఎక్కడుంది? ఉపాధి హామీ కింద అక్కడక్కడా కల్లాలు కట్టారు కానీ సరిపోవు. ప్రతి ఊరికీ నాలుగైదు పెద్ద సిమెంటు కల్లాలు ఉంటే రోడ్డు రోడ్డులా ఉంటుంది, బైకుల మీద పోయేవాళ్లు రాత్రిపూట ఆ రాళ్లకు తగిలి పడరు. సైకిల్ ట్రాక్‌ల కంటే ముందు మన జిల్లాలకు కావాల్సింది ఇవే. ఇంటికి వచ్చి బట్టలు ఉతకబోతే వెనక జేబులోంచి గుప్పెడు వడ్లు రాలాయి.

రేగొండ, పరకాల రోడ్డు మీద బొగ్గు లారీలు ఉంటాయి, కళ్లద్దాలు పెట్టుకోండి, ఎడమ అంచు వదలకండి. జోరు వానల్లో మాత్రం అసలు వెళ్లొద్దు. 2023 జులైలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649 మిల్లీమీటర్ల వాన పడింది, భూపాలపల్లి రోడ్డు మీది మోరంచపల్లిని వాగు ముంచేసింది. చిన్న వాగే కదా అని కల్వర్టు మీద నీళ్లలోకి బండి దించకండి.

డిసెంబర్ చివర్లో వెళ్తే రోడ్లు ఖాళీగా ఉంటాయి. కోతల టైంలోనే వెళ్లాల్సి వస్తే దూరంగా పరదా కనపడగానే, ఇంకా తారు మీద ఉండగానే స్పీడ్ తగ్గించండి. వడ్ల మీదికి వెళ్లిపోయారా, బ్రేకు వదిలేసి హ్యాండిల్ కదపకుండా నేరుగా పోనివ్వండి.