డిప్యూటీ తహసీల్దారుగా చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి కల్యాణికి అత్తయ్య ఆశీస్సులు.

నీకు డిప్యూటీ తహసీల్దారుగా ఉత్తర్వులు వచ్చాయని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత రెవెన్యూలోకి వస్తున్నది నువ్వే. విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు, కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నాను. కానీ ఫోను పెట్టేసే ముందు వాడు ఇంకో మాట అన్నాడు. నిలువెత్తు వెంకటేశ్వరస్వామి పటం చేయించి నీ కుర్చీ వెనక పెట్టిస్తావట, శుక్రవారం పూజ ఆఫీసు గదిలోనే చేస్తావట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మామూలు సంగతులు. ముహూర్తం చూసుకో, ఉత్తర్వుల్లోని గడువు మాత్రం దాటనివ్వకు. జాబితాలో ఉన్న ప్రతి రిజిస్టరునూ కళ్ళతో చూశాకే ఛార్జి తీసుకున్నట్టు సంతకం పెట్టు. ఖాళీ కాగితం మీద ఎవరడిగినా పెట్టకు. కింది సిబ్బందిని గారు అని పిలువు. ఇవి ఎవరైనా చెబుతారు. పటం సంగతి మాత్రం నేనే చెప్పాలి.

భక్తి వేరు, ఉద్యోగం వేరు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. నేను అనలేను. విశ్వాసం ఆఫీసు గుమ్మం దగ్గర విడిచి వెళ్ళే చెప్పుల జత కాదు. సర్వేయరు రిపోర్టు మార్చమంటూ ఒకాయన నా బల్ల మీద కవరు పెట్టిన రోజున నా చెయ్యి దాని మీదికి పోకుండా ఆపింది సర్వీసు నిబంధనలు కావు, పొద్దున చదువుకున్న లలితా సహస్రనామం. రాజ్యాంగం మూడో షెడ్యూలు చూడు. మంత్రి అయ్యేవాళ్ళు దైవసాక్షిగానైనా ప్రమాణం చేయవచ్చు, మనస్సాక్షిగానైనా చేయవచ్చు. ఎలా చేసినా ఆ తర్వాత చేయవలసిన పని ఒకటే: భయం గానీ పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా అందరికీ న్యాయం చేయడం. కాబట్టి నీ దేవుడు నీతోపాటే ఆఫీసుకు వస్తాడు, రానీ. నీ ఎదుట అర్జీ పట్టుకుని నిలబడ్డ మనిషికి మాత్రం నీ దేవుడెవరో తెలుసుకునే అవసరం రాకూడదు. నేను గీసుకున్న గీత అదొక్కటే.

అది ఎక్కడ నేర్చుకున్నానో చెబుతాను. నేను సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు మాకు ఒక ఎమ్మార్వో గారు ఉండేవారు. పైసా ముట్టని మనిషి. ముసలి రైతు గదిలోకి వస్తే లేచి కుర్చీ చూపించేవారు. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని, ఆ మండలం రోజులూ నల్ల బట్టలతో, ఉత్త కాళ్ళతో ఆఫీసుకు వచ్చేవారు. ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఆయన అడక్కపోయినా ఆఫీసు మారిపోయింది. మొదట అటెండరు ఆయన గది బయట అందరి చేతా చెప్పులు విడిపించాడు. తర్వాత గుమాస్తాలు సార్ అనడం మాని స్వామీ అనడం మొదలుపెట్టారు. పని ఉన్నవాళ్ళు అది పసిగట్టారు. ఏనాడూ గుడి మెట్టెక్కని ఒక భూస్వామి నుదుట చందనం పెట్టుకుని, శరణు చెప్పుకుంటూ లోపలికి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. అతని ఫైలు అందరికంటే ముందు కదిలింది. కదిపింది ఆయన కాదు, ఆయనకు నచ్చుతుందనుకున్న మా సెక్షను వాళ్ళు.

ఆ రోజుల్లోనే భర్త పోయిన ఒక ముస్లిం ఆవిడ కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చింది. అది చూపిస్తేనే భర్త పనిచేసిన చోట రావలసిన డబ్బు వస్తుంది. వరండాలో స్తంభం పక్కనే నిలబడింది, గడప దాటలేదు. ‘మీ ఇంట్లో మాంసం వండుకుంటారు, స్వామి మాలలో ఉన్నారు, శబరిమల వెళ్ళొచ్చాక రా’ అని అటెండరు అన్నాడట. ఆవిడ గొడవ పడలేదు. పెద్దాయన నిష్ఠ తన వల్ల చెడకూడదని తిరిగి వెళ్ళిపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది, ఆయన భక్తిని మా అందరికంటే ఎక్కువ గౌరవించింది ఆవిడే. మళ్ళీ వచ్చేసరికి గడువు దాటింది. డబ్బు కోసం పై ఆఫీసుల చుట్టూ తిరుగుతూ, ఈలోగా పెద్ద కొడుకును బడి మాన్పించి మెకానిక్ షెడ్డులో పెట్టింది.

సంగతి తెలిసి ఆయన కుప్పకూలిపోయారు. ‘నా ముందుకు రావద్దని నేనెప్పుడన్నాను?’ అని ఒక్కొక్కరినీ అడిగారు. అనలేదు, నిజమే. అయినా తప్పు ఆయనదే కల్యాణీ. కుర్చీలో ఉన్నవాళ్ళ ఇష్టాయిష్టాలు కనిపెట్టి బతికేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. నువ్వు నోరు విప్పకపోయినా వాళ్ళు నీ తరఫున నిబంధనలు రాసేస్తారు. మరుసటి ఏడాది ఆయన మాల మానలేదు, మానమని నేనూ అనను. రోజూ పొద్దున గంటసేపు వరండాలోనే కుర్చీ వేయించుకుని, అర్జీలు తన చేత్తోనే తీసుకున్నారు.

ఇప్పుడు చెప్పు, నిలువెత్తు పటం పెడతావా? ఇంత చదువు చదివి ఆ మాత్రం ఆలోచన లేకపోతే ఎలా? నానమ్మ నాకిచ్చిన చిన్న వెంకన్న పటం రిటైరయ్యే దాకా నా పర్సులోనే ఉంది. అంచులు అరిగిపోయాయి గానీ ముఖం చెక్కుచెదరలేదు. అది నీకు పంపిస్తున్నాను, నువ్వూ పర్సులోనే ఉంచుకో.

నాకు అన్నిటికంటే భయం కుల ధ్రువీకరణ పత్రాల దగ్గర. మతం గురించి చట్టమే నీ చేత విచారణ చేయిస్తుంది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లోనూ వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు కిందికి వస్తారు. ఈ చట్టం న్యాయమా కాదా అన్న వాదన పెద్దది, నీ సంతకంతో తేలేది కాదు. కానీ ఒకరి ఇంట్లోకి వెళ్ళి గోడల మీద పటాలు లెక్కపెట్టి రావడాన్ని విచారణ అనుకోకు. తమిళనాడులో ఒక డాక్టరమ్మ క్లినిక్కులో శిలువ కనబడిందని అధికారులు ఆమె ఎస్సీ సర్టిఫికెట్టు రద్దు చేస్తే, 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసి అధికారుల సంకుచిత బుద్ధిని తప్పుపట్టింది. ఆ ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడుగు, కాగితాలు చూడు, చెప్పింది చెప్పినట్టు రాసుకో. నీ వెనక వెంకన్న పటం నిలబడి ఉంటే, రేపు నువ్వు న్యాయంగానే తిరస్కరించిన అర్జీని కూడా ఎవరూ న్యాయమని నమ్మరు.

పండుగలప్పుడూ అంతే. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్ నబీ సెప్టెంబరు 28నే పడితే హైదరాబాదులో ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. విశ్వాసం వీధిలోకి వస్తే ఎప్పుడూ గొడవే అనేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అలాంటి మాటలు కుదరాలంటే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టే అధికారి గదిలోకి ఇద్దరూ బెరుకు లేకుండా రాగలగాలి. రంజాన్ నెలలో గంట ముందు వెళ్ళే అనుమతి ఉత్తర్వులు వస్తే మీ ముస్లిం ఉద్యోగులను మొహం చిట్లించకుండా పంపించు. నీ శుక్రవారం పూజ తెల్లవారుజామున ఇంట్లో చేసుకో. నేను నాలుగింటికే లేచేదాన్ని, నువ్వూ లేవగలవు, చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నిద్రమత్తులోనే పువ్వులు అందించిన పిల్లవే కదా.

చేరిన రోజు రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోను చెయ్యి. మొదటి వారంలోనే ఎవరో ఒకరు ప్రసాదం తెచ్చి, మీ ఇలవేల్పు ఎవరు మేడమ్ అని అడుగుతారు. ఏం జవాబిచ్చావో నాకు చెప్పాలి.

నీ అత్తయ్య